హైదరాబాద్: పేటలు, బస్తీలు, కాలనీలు

తెలంగాణ రాజధాని హైదరాబాద్, మూసీ నదికి ఇరువైపులా దక్కన్ పీఠభూమి రాతినేల మీద విస్తరించిన మహానగరం. 1591లో చార్మినార్ చుట్టూ మొదలైన ఈ ఊరు నాలుగు శతాబ్దాలకు పైగా పెరుగుతూనే ఉంది. కుతుబ్‌షాహీ సుల్తానులు, మొగలు సుబేదారులు, అసఫ్‌జాహీ నిజాములు, బ్రిటిష్ కంపెనీ సైన్యం, స్వాతంత్ర్యం తర్వాతి ప్రభుత్వాలు, పొట్ట చేతబట్టుకుని వచ్చిన లక్షలాది జనం దీనికి ఒక్కో భాగాన్ని చేర్చారు. 2011 జనగణన నాటికి మహానగర పాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలకు పైగా జనం ఉన్నారు.

ఈ నగరం పెరిగిన తీరులో ఒక ప్రత్యేకత ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు చాలావరకు పాత ఊరిని చెరిపి తమ ఊరు కట్టుకోలేదు. పక్కనున్న ఖాళీ నేలకు జరిగి కట్టుకున్నారు. అందువల్ల కోట ఊరు, దర్వాజాల ఊరు, దండు ఊరు, ఫ్యాక్టరీల ఊరు, ఐటీ ఊరు అన్నీ ఇప్పటికీ విడివిడిగా గుర్తుపట్టేలా నిలిచి ఉన్నాయి. ప్రతి దానికీ అక్కడే పుట్టడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే ఆ ప్రాంతపు వీధులు, అంగళ్ళు, భాష, పండుగలు తేలిగ్గా అర్థమవుతాయి.

నేల, నీరు

నగరం సముద్రమట్టానికి సగటున 540 మీటర్ల ఎత్తున ఉంది. కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. గోల్కొండ, మౌలాలి, ఖాజాగూడ, జూబ్లీహిల్స్ గుట్టల మీద ఒకదానిపై ఒకటి నిలిచిన బండలు ఆ రాతివే. మూసీ పడమట అనంతగిరి కొండల్లో పుట్టి నగరం గుండా తూర్పుకు పారుతుంది. పశ్చిమ, వాయవ్య దిక్కులు మెరక, తూర్పు పల్లం.

వాన తప్ప వేరే దిక్కులేని ఈ నేలలో పాలకులు, రైతులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీరు నాలా గుండా కింది చెరువుకు చేరేది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో, హుస్సేన్‌సాగర్ కట్టారు. 19వ శతాబ్ది ఆరంభంలో వచ్చిన మీరాలం చెరువు కట్టను వరస కమానులతో నిర్మించారు. దుర్గంచెరువు గోల్కొండకు నీళ్ళిచ్చేది. సరూర్‌నగర్, మాసాబ్‌ట్యాంక్, లంగర్‌హౌజ్ వంటి చోట్ల నివాసాలు నీటిని ఆనుకునే పెరిగాయి. నీళ్ళు ఎక్కని గుట్టల మీద మాత్రం చాలా ఆలస్యంగా, 20వ శతాబ్దిలో, ఇళ్ళు లేచాయి. ఏ ప్రాంతం ముందు పుట్టింది, ఏది తర్వాత అన్నది చాలావరకు ఈ ఎత్తుపల్లాలే తేల్చాయి.

గోల్కొండ, కార్వాన్

నగరానికి తల్లివేరు గోల్కొండ. కాకతీయుల నాటి మట్టికోట 16వ శతాబ్దిలో కుతుబ్‌షాహీల చేతిలో రాతికోటగా మారింది. కోట ప్రాకారాల లోపల ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. బజారు, బడులు, దర్గాలు ఉన్నాయి. కొండ మీది బాలాహిసార్ ఎక్కి దిగిపోయే సందర్శకులు ఈ ఊరిని చాలావరకు చూడరు. నయాఖిలా ఆవరణలో వందల ఏళ్ళ నాటి బావోబాబ్ చెట్టును స్థానికులు హతియాన్ కా ఝాడ్ అంటారు. కోటకు దగ్గర్లో ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక రాజవంశపు వాస్తుశైలి తరం తరానికి ఎలా మారిందో వరసగా చూడవచ్చు.

కోట నుంచి మూసీ వైపు వచ్చే దారిలో కార్వాన్ ఉంది. కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ రాజ్యపు సంపద. వాటిని కొని అమ్మే సాహుకార్లు, దూరదేశాల బిడారులు ఇక్కడ దిగేవారు. ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియె 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యానికి వచ్చి ఇక్కడి వజ్రాల వ్యాపారాన్ని గురించి వివరంగా రాశాడు. 1671 నాటి టోలీ మసీదు కార్వాన్‌లో నేటికీ ఉంది. 1578లో కట్టిన పురానాపూల్ మూసీ మీద నగరపు మొదటి వంతెన. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపే బాటకు ఈ వంతెన దక్షిణపు ఒడ్డున దారి తెరిచింది. చార్మినార్ ఊరు ఆ దారి మీదే పుట్టింది.

పాతనగరం

కోటలో జనం కిక్కిరిసి, నీళ్ళు చాలక ఇబ్బంది పడుతున్న కాలంలో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరాన్ని సంకల్పించాడు. ప్రధానమంత్రి (పేష్వా) మీర్ మోమిన్ అస్త్రాబాదీ దానికి రూపకల్పన చేశాడు. రెండు పెద్ద బాటలు కలిసే చోట చార్మినార్, దానికి ఉత్తరాన నాలుగు కమానుల చౌకు, నడుమ గుల్జార్‌హౌజ్ వచ్చాయి. దారుల్‌షిఫా వైద్యశాల, బాద్‌షాహీ అషుర్‌ఖానా నగరం పుట్టిన కొద్ది ఏళ్ళలోనే నిలిచాయి. మక్కామసీదు పని ముహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలై 1694లో, ఔరంగజేబు ఏలుబడిలో ముగిసింది.

1687లో గోల్కొండ పతనమయ్యాక నగరం కొంతకాలం వెనకబడింది. 18వ శతాబ్దిలో మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాన్ మొదలుపెట్టిన ప్రాకారాన్ని మొదటి నిజాం కాలంలో పూర్తి చేశారు. ఆ గోడకు ఉన్న దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మిగిలాయి. రాజధాని ఔరంగాబాద్ నుంచి ఇక్కడికి మారాక చౌమహల్లా, పురానీహవేలీ, ఎందరో అమీర్ల దేవిడీలు (భవంతులు) లేచాయి. సాలార్‌జంగ్ కుటుంబపు దివాన్ దేవిడీలోనే 1951లో మ్యూజియం తెరిచారు; 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

పాతనగరం బయటివాళ్ళకు ఒకే ముద్దగా కనిపిస్తుంది గానీ లోపల ఒక్కో మొహల్లాకు ఒక్కో నడక ఉంది. లాడ్‌బజార్‌లో లక్క గాజులు, పత్తర్‌గట్టీలో ముత్యాలు, చార్‌కమాన్ దగ్గర వెండి బంగారాలు. దబీర్‌పురాలోని బీబీకా అలావా నుంచి మొహర్రం పదో రోజు ఏనుగు మీద ఆలం ఊరేగింపు బయల్దేరుతుంది. శాలిబండ, హుస్సేనీఆలం ప్రాంతాల్లో నిజాం కొలువులో పనిచేసిన కాయస్థ కుటుంబాల దేవిడీలు ఉండేవి. లాల్‌దర్వాజా సింహవాహిని గుడి బోనాలకు కేంద్రం. దక్షిణాన గుట్ట మీద 19వ శతాబ్ది చివర కట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఇప్పుడు హోటల్. అక్కడికి దగ్గర్లో, చాంద్రాయణగుట్ట దాటాక, బార్కస్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడి జనం. హరీస్ గిన్నెలు, జామపండ్ల బండ్లు, నడుముకు లుంగీలు ఆ బస్తీ గుర్తులు.

ఉత్తరపు ఒడ్డు: బేగంబజారు నుంచి ఆబిడ్స్ దాకా

ప్రాకారం దాటి మూసీకి ఉత్తరాన మొదట స్థిరపడినవాళ్ళు వ్యాపారులు. నిజాం అలీఖాన్ భార్య హుమ్డాబేగం ఇచ్చిన నేల మీద బేగంబజారు వెలిసిందని ప్రతీతి. మార్వాడీ, గుజరాతీ వర్తకులు అక్కడ దుకాణాలు పెట్టారు. కిరాణా, డ్రైఫ్రూట్స్, మసాలాదినుసులు, స్టీలు పాత్రలు టోకున కొనాలంటే తెలంగాణ పల్లెల చిల్లర వర్తకులు ఈనాటికీ ఇక్కడికే వస్తారు. పక్కనే ధూల్‌పేటలో లోధీ కుటుంబాలు వినాయక విగ్రహాలు, సంక్రాంతి పతంగులు తయారు చేస్తాయి. గురువారం సంత జరిగే జుమేరాత్ బజార్ అక్కడికి దగ్గరే.

1798 సైన్యసహకార ఒప్పందం నగరపు దిశను మార్చింది. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్ది ఆరంభంలో కోఠీలో పెద్ద పెద్ద స్తంభాల రెసిడెన్సీ భవనం కట్టించాడు. 1949 తర్వాత మహిళా కళాశాలగా తరాల ఆడపిల్లలకు చదువు చెప్పిన ఆ ఆవరణ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. రెసిడెన్సీ చుట్టుపక్కల బజార్లపై అధికారం నిజాముది కాక బ్రిటిష్‌వారిది కావడంతో సభలు, సంఘాలు పెట్టుకోవడానికి అక్కడ కొంత వెసులుబాటు ఉండేది. తెలుగువారికి ఇది చాలా ముఖ్యమైన సంగతి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల పూనికతో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇక్కడే పుట్టింది. 1930ల్లో ఈ ప్రాంతం నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాక సుల్తాన్‌బజారు అయింది. దగ్గర్లో బొగ్గులకుంటలో 1943లో స్థాపించిన సారస్వత పరిషత్తు, అఫ్జల్‌గంజ్‌లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, కోఠీ పేవ్‌మెంటు మీది పాత పుస్తకాల దుకాణాలు కలిసి ఈ ఒడ్డును చదువరుల ఒడ్డుగా నిలబెట్టాయి.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆర్మేనియన్ వ్యాపారి ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు స్థిరపడింది. 1907లో నాంపల్లి స్టేషన్, 1916లో కాచిగూడ స్టేషన్ రావడంతో హోటళ్ళు, లాడ్జీలు, ఆఫీసులు వీటి చుట్టూ చేరాయి. నిజాం రాజ్యంలో తెలుగు జిల్లాలతో పాటు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉండేవి కనుక అక్కడి ఉద్యోగులు, విద్యార్థులు కాచిగూడ, బర్కత్‌పురా, గౌలిగూడల్లో కాపురాలు పెట్టారు. మరాఠీ వివేకవర్ధిని, కన్నడ నృపతుంగ విద్యాలయాలు ఆ కాలపు ఆనవాళ్ళు. ఏటా జనవరి మొదట్లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో తెరుచుకునే నుమాయిష్ 1938లో పబ్లిక్‌గార్డెన్స్‌లో మొదలైంది.

లష్కర్: సికింద్రాబాద్

హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేసిన కంపెనీ సైన్యం చుట్టూ పుట్టిన ఊరికి 1806లో మూడో నిజాం సికిందర్‌జా పేరు పెట్టారు. జనం నోట అది లష్కర్. పాతనగరపు సందులకు భిన్నంగా ఇక్కడ పరేడ్ మైదానం, చర్చిలు, క్లబ్బులు, తిన్నని వీధులు, మధ్యలో గడియారస్తంభం. తిరుమలగిరి, బొల్లారం దాకా కంటోన్మెంటు పరుచుకుంది. రాష్ట్రపతి దక్షిణాది విడిది బొల్లారంలోనే. దండుతో పాటు మద్రాసు వైపు నుంచి మొదలియార్లు, పశ్చిమం నుంచి పార్సీలు, ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. 1874లో రైలు రావడం, 19వ శతాబ్ది చివర లాలాగూడ వర్క్‌షాపు పెట్టడంతో చిలకలగూడ, మెట్టుగూడ, సీతాఫల్‌మండీలు రైల్వే కుటుంబాల నివాసాలయ్యాయి.

వివేకానందుడు షికాగోకు వెళ్ళడానికి కొన్ని నెలల ముందు, 1893 ఫిబ్రవరిలో, ఇక్కడి మహబూబ్ కాలేజీలో ప్రసంగించాడు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది బేగంపేటలోని సైనిక వైద్యశాలలో. మోండా మార్కెట్, జనరల్ బజార్, రెజిమెంటల్ బజార్ ఇప్పటికీ కిటకిటలాడుతుంటాయి. ఇటీవల పూడిక తీసి బాగుచేసిన బన్సీలాల్‌పేట మెట్లబావి, పాత నీటివనరుకు మళ్ళీ ప్రాణం పోయవచ్చని నిరూపించింది. ఎన్నో ఏళ్ళు వేరే పురపాలనలో ఉన్న సికింద్రాబాద్ 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. అయినా అక్కడి పాతకాపులు ట్యాంక్‌బండ్ దాటి అవతలికి పోవడాన్ని నేటికీ హైదరాబాద్ పోవడమనే అంటారు.

1908 వరద తర్వాత

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఉంది. ఆ విషాదం నుంచే కొత్త నగరం పుట్టింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. ఆ రెండూ వరదను ఆపడమే కాక దశాబ్దాల పాటు నగరానికి తాగునీరిచ్చాయి.

1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పు రోడ్లు వేసింది. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరస, 1935లో పూర్తయిన మొజంజాహీ మార్కెట్, మల్లేపల్లి వంటి చోట్ల సామాన్యుల ఇళ్ళు ఆ పనిలో భాగం. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి మూసీకి అటూ ఇటూ లేచాయి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ దగ్గర విశాలమైన ప్రాంగణానికి మారింది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో తెరుచుకుంది. చదువుల నీడన నల్లకుంట, విద్యానగర్, తార్నాక పెరిగాయి. హిమాయత్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి ఉద్యోగుల పేటలయ్యాయి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, ఆ పక్కనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా థియేటర్లు ఉన్నాయి. అశోక్‌నగర్ గల్లీల్లో సర్కారు కొలువుల కోసం చదివే యువత అద్దెగదుల్లో ఉంటూ, గ్రంథాలయం తలుపులు తీయకముందే బయట వరస కడుతుంది.

ఫ్యాక్టరీల ఊళ్ళు

నిజాం కాలపు చివరి దశలో ఆజామాబాద్, సనత్‌నగర్‌లలో పరిశ్రమలకు స్థలాలు కేటాయించారు. 1942లో స్థాపితమైన ఆల్విన్ కంపెనీ సనత్‌నగర్ ప్రాంతానికి చిరకాలం గుర్తింపు తెచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థలు నగరం అంచుల్లోని బీడు భూముల్లో దిగాయి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, మౌలాలి వైపు 1967లో ఈసీఐఎల్, 1971లో అణు ఇంధన సముదాయం, కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన శాలలు, మిధానీ వచ్చాయి. పటాన్‌చెరు దగ్గర 1972లో ఇక్రిశాట్ మెట్టపంటల పరిశోధన మొదలుపెట్టింది.

ఒక్కో ఫ్యాక్టరీ తన చుట్టూ ఒక ఊరిని సృష్టించింది. ఈసీఐఎల్‌ను తీర్చిదిద్దిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పేరున ఏఎస్‌రావునగర్ వెలిసింది. ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు బయటికొచ్చి సొంత మందుల కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డి వారిలో ఒకరు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో చిన్నా పెద్దా మందుల యూనిట్లు ఇలా విస్తరించాయి. హైదరాబాద్‌ను ఔషధాల నగరంగా నిలిపిన ఈ వాడలే దగ్గరి చెరువులకు, బోర్లకు రసాయన కాలుష్యాన్నీ మిగిల్చాయి. ఆ బస్తీల్లో కాపురమున్న కార్మికుల కుటుంబాలు దాని బరువు మోశాయి.

హైవేల వెంట కాలనీలు

1956లో ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల నుంచి వలసలు పెరిగాయి. విజయనగర్ కాలనీ, సంజీవరెడ్డినగర్, వెంగళరావునగర్, వనస్థలిపురం వంటివి ఉద్యోగుల, మధ్యతరగతి కాలనీలుగా వచ్చాయి. కూకట్‌పల్లిలో హౌసింగ్‌బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీ ఒక చిన్న పట్టణమంత పెరిగి, కోస్తా జిల్లాల జనానికి ప్రధాన నివాసమైంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల సంస్థలు, హాస్టళ్ళు తెలుగునాట నలుమూలల పిల్లలకు నగరంలో తొలి మజిలీ అయ్యాయి.

ఈ విస్తరణలో ఒక పద్ధతి కనిపిస్తుంది. జనం ఎక్కువగా తమ జిల్లా రోడ్డు నగరంలో ప్రవేశించే చోటే స్థిరపడ్డారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు నల్లగొండ, ఖమ్మం జనం. ఉప్పల్, బోడుప్పల్ వైపు వరంగల్ వాళ్ళు. జూబ్లీ బస్‌స్టేషన్, బోయిన్‌పల్లి, అల్వాల్ వైపు కరీంనగర్, సిద్దిపేట వాళ్ళు. ఆరాంఘర్, శంషాబాద్ వైపు పాలమూరు వాళ్ళు. ఆదివారం రాత్రి బస్సు దిగి నడిచి ఇంటికి చేరగల దూరం, ఊరి మనుషులు పక్కన ఉన్నారన్న ధైర్యం ఈ ఎంపిక వెనక ఉన్నాయి. ఈ కాలనీలతో పాటు వాటిని కట్టినవాళ్ళనూ తలుచుకోవాలి. పాలమూరు కూలీలు, ఆ తర్వాత ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ కార్మికులు నగరపు ప్రతి మేడకూ రాళ్ళెత్తారు. పొద్దున్నే చౌరస్తాల దగ్గర కనిపించే కూలీల అడ్డాలు నగర భూగోళంలో పేరు రాయని కేంద్రాలు.

కొండలు, సినిమా

బంజారాహిల్స్‌లో 1930ల్లో నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ ఉన్నవి బండలు, తుప్పలు, లంబాడీల తండాలు. క్రమంగా నవాబులు, అధికారులు, పారిశ్రామికవేత్తలు ఆ గుట్టలెక్కారు. జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా పెరిగింది. సంపన్నుల బంగళాల మధ్యనే పనివాళ్ళ బస్తీలు ఇరుక్కుని ఉన్నాయి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, వాచ్‌మన్లు లేకుండా ఈ ప్రాంతం ఒక పూట కూడా గడవదు. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానమైంది. నగరం నడుమ నెమళ్ళు అందులో మిగిలాయి.

తెలుగు సినిమా మద్రాసు నుంచి ఇటు మారడానికి తొలి పునాది 1950ల్లో అమీర్‌పేటలో వెలసిన సారథి స్టూడియో. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచాక ఆ మార్పు బలపడింది. ఫిల్మ్‌నగర్‌లో తారలు, నిర్మాతలు. కొండ దిగువన కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అవకాశం కోసం ఎదురుచూసే రచయితలు, సహాయ దర్శకులు. తెర మీద కనిపించేవాళ్ళకూ కనిపించనివాళ్ళకూ మధ్య దూరం ఒక ఆటో ప్రయాణమంతే.

పడమటి నగరం

గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పెరుగుతున్న కాలంలో మాదాపూర్ పొలాలు, రాళ్ళగుట్టల పల్లె. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ భూముల చరిత్ర మారిపోయింది. హైటెక్‌సిటీ, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట ఒకదాని వెంట ఒకటి అద్దాల భవనాలతో నిండాయి. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారడం, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్‌రోడ్డు, 2020లో దుర్గంచెరువు తీగల వంతెన ఈ పెరుగుదలకు తోడయ్యాయి.

బయటికి వెళ్ళిన తెలుగు యువతకు ఈ ప్రాంతం సగం దారి వంటిది. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే ఇల్లు కొంటారు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఇక్కడే మొదటి ఉద్యోగం చేస్తారు. ఉత్తర భారతం నుంచి, ఈశాన్యం నుంచి వచ్చినవాళ్ళతో హిందీ, ఇంగ్లీషు సమానంగా వినబడతాయి. అయితే టవర్ల వెనక పాత మాదాపూర్, ఖానామెట్, గౌలిదొడ్డి గ్రామకంఠాలు, వాటి పోచమ్మ గుళ్ళు, బొడ్రాళ్ళు ఇంకా ఉన్నాయి. ఐటీ నగరం పాత ఊళ్ళ భూముల మీద నిలిచిందని అవి చెబుతాయి.

భాషలు, పండుగలు, అంగళ్ళు

నగరంలో తెలుగు, దక్కనీ ఉర్దూ ప్రధాన భాషలు. తెలంగాణ యాసలు, కోస్తా యాస, దక్కనీ ఒకదాన్నొకటి తాకి కలిసిపోయిన మాట బస్సులో, ఇరానీ హోటల్‌లో వినాలి. సికింద్రాబాద్‌లో తమిళం, అత్తాపూర్ దగ్గరి సిక్కు ఛావనీలో పంజాబీ, బేగంబజారులో మార్వాడీ, ఏసీగార్డ్స్‌లో నిజాం ఆఫ్రికన్ అశ్వదళపు సిద్దీ వారసుల మర్ఫా వాద్యం ఉన్నాయి.

ఆషాఢ బోనాలు నగరాన్ని వరసగా చుడతాయి. మొదట గోల్కొండ జగదాంబిక, తర్వాత లష్కర్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన పాతనగరంలో లాల్‌దర్వాజా. ఉజ్జయినిలో దండుతో ఉన్న సురిటి అప్పయ్య కలరా భయం నడుమ మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో లష్కర్‌లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని చెబుతారు. వినాయక నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఊరేగింపు దారి దక్షిణ, ఉత్తర భాగాలను కలుపుతుంది. రంజాన్ నెలలో హలీం బట్టీలు పాతనగరం నుంచి కూకట్‌పల్లి దాకా వెలుస్తాయి.

టోకు మార్కెట్లు కూడా దిక్కులు పంచుకున్నాయి: మలక్‌పేట ఉల్లిగడ్డకు, బోయిన్‌పల్లి కూరగాయలకు, గుడిమల్కాపూర్ పూలకు. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి నగరం వెలుపల బాటసింగారానికి మారింది.

పరిపాలనా విభజన

2007లో పాత కార్పొరేషన్‌లో 12 పురపాలక సంఘాలు, 8 గ్రామపంచాయతీలు కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పరచారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్ పదేళ్ళు రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధానిగా ఉంది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నగర జనావాసం హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాల్లోకి పరుచుకుంది. విస్తీర్ణంలో హైదరాబాద్ జిల్లా రాష్ట్రంలోనే అతి చిన్నది. జనం మాత్రం సర్కిళ్ళు, వార్డుల లెక్కన చిరునామా చెప్పుకోరు. చౌరస్తా, గుడి, దర్గా, సినిమా టాకీసు, పాత బస్‌స్టాపు పేర్లే వారికి హద్దులు. మూతబడ్డ టాకీసులు కూడా ఆ పని చేస్తూనే ఉన్నాయి.

నగరాన్ని తెలుసుకునే మార్గం

కాలక్రమంలో చూడాలనుకునేవారికి గోల్కొండ, కార్వాన్, పురానాపూల్, చార్మినార్, బేగంబజారు, కోఠీ, సికింద్రాబాద్ అన్నది సహజమైన వరస. 2017లో మొదలైన మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా కూర్చుంటే నగరపు ఎత్తుపల్లాలు, పేటల మార్పులు పైనుంచి తెలుస్తాయి. పాతనగరం మాత్రం కాలినడకనే అర్థమవుతుంది; పొద్దున దుకాణాలు తెరవకముందు కట్టడాలు కనిపిస్తాయి, సాయంత్రం మనుషులు కనిపిస్తారు.

నిజాం కాలంలో లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1910ల్లో తయారైన నగర పటాలు బావులు, తోటలు, నాలాలతో సహా ప్రతి వీధినీ చూపుతాయి. వాటిని నేటి పటం పక్కన పెడితే ఏ చెరువు ఎక్కడ కుదించుకుపోయిందో, ఏ దేవిడీ స్థానంలో ఏ కాంప్లెక్స్ వచ్చిందో తెలుస్తుంది. ఇది కేవలం పాతకాలపు ముచ్చట కాదు. 2020 అక్టోబరు వానలకు పాతనగరపు దక్షిణ అంచున గుర్రంచెరువు, పల్లెచెరువు కట్టలు తెగినప్పుడు కింది బస్తీలు మునిగాయి. నీటి దారిలో ఇల్లు కట్టుకున్న పేద కుటుంబాలకు అది నీటి దారని చెప్పినవాళ్ళు లేరు.

హైదరాబాద్‌కు నూరేళ్ళ కిందట వరదే పట్టణ ప్రణాళిక నేర్పింది. ఎగువన జలాశయాలు కట్టడం, ఇరుకు బస్తీలకు గాలీ వెలుతురూ ఇవ్వడం, నది ఒడ్డున ఆసుపత్రి, కోర్టు, కళాశాల నిలపడం ఆనాటి పాలకులు నగర భూగోళాన్ని శ్రద్ధగా చదివి చేసిన పనులు. ఇప్పుడు నగరం అప్పటికంటే ఎన్నో రెట్లు పెద్దది; ఆ చదువు అధికారులకే పరిమితం కాకూడదు. తమ పేట ఏ చెరువు కింద ఉంది, ఎవరి శ్రమతో లేచింది, ఎవరితో కలిసి పెరిగింది అన్న మూడు సంగతులు ప్రతి బడిలో ఆ పేట పిల్లలకు పాఠంగా చెప్పాలి. పక్కపక్కనే ఉండి ఒకదానికొకటి తెలియకుండా బతుకుతున్న ఈ ఊళ్ళన్నీ ఒక్క నగరంగా ఆలోచించడం అక్కడి నుంచే మొదలవుతుంది.